పట్టణమంతటి ఓటు నుంచి వార్డు ఓటుకు: హద్దుల ముసాయిదాను చదివి అభ్యంతరం రాసే విధానం

2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు, పోటీ ఉన్న పల్లెల్లో ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు ఇచ్చారు. గులాబీ రంగు పత్రం సర్పంచి పదవికి, తెల్ల పత్రం వార్డు సభ్యుడి పదవికి. గులాబీ పత్రాన్ని ఊరంతటి ఓట్లతో కలిపి లెక్కపెట్టారు, తెల్ల పత్రాన్ని ఆ వార్డు ఓట్లతో మాత్రమే లెక్కపెట్టారు. ఊరంతా కలిసి ఒకరిని ఎన్నుకోవడం ఒక పద్ధతి, ఊరిని భాగాలుగా చేసి భాగానికి ఒకరిని ఎన్నుకోవడం మరొక పద్ధతి. గోదావరి డెల్టాలోని పల్లె ఓటరు ఈ రెండు పద్ధతుల్లోనూ ఒకే రోజు, ఒకే గదిలో ఓటు వేస్తాడు.

పట్టణాల్లోనూ ఈ రెండింటి అనుభవం మనకు ఉంది. 2000లో మున్సిపల్ చైర్‌పర్సన్లను పట్టణ ఓటర్లందరూ నేరుగా ఎన్నుకున్నారు. 2005 నుంచి వార్డుల్లో గెలిచిన కౌన్సిలర్లే చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటున్నారు. కౌన్సిలర్ల విషయంలో మాత్రం మనకు ఎంపిక లేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పట్టణాన్ని వార్డులుగా విభజించి ఆ వార్డుల నుంచి ప్రత్యక్ష ఎన్నిక ద్వారానే సభ్యులను ఎన్నుకోవాలని 243ఆర్ అధికరణంలో నిర్దేశించింది. అందువల్ల వార్డు పద్ధతి కావాలా వద్దా అన్న చర్చ మన దగ్గర ముగిసిపోయింది. మిగిలింది వార్డు గీత ఎక్కడ పడాలన్న చర్చ. నా దృష్టిలో అసలు చర్చ అదే. వార్డు ఓటు సాధించుకున్న పేట మధ్యలోంచి గీత పోతే ఆ పేటకు దక్కేది ఏమీ ఉండదు.

ఉపాధ్యాయుడిగా 2011 జనగణనలో ఒక డెల్టా పట్టణంలో ఎన్యూమరేటర్‌గా ఇంటింటికీ తిరిగాను. ఆ తరువాత రెండుసార్లు వార్డుల పునర్విభజన ముసాయిదా మీద అభ్యంతరాలు రాశాను. మొదటిది నా పొరపాటు వల్ల వృథా అయింది, రెండోది కొంత ఫలించింది. ముసాయిదా వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక ఆ కొద్ది రోజుల గడువు జారవిడుచుకునే వారి కోసం ఈ విధానాన్ని రాస్తున్నాను.

రెండు పద్ధతుల తేడా లెక్కలో ఎలా తేలుతుందంటే

ఒక పట్టణంలో 10,000 మంది ఓటర్లు, అయిదు స్థానాలు ఉన్నాయనుకుందాం. పట్టణమంతా కలిసి అయిదుగురినీ ఎన్నుకునే పద్ధతిలో ప్రతి ఓటరుకూ అయిదు ఓట్లు ఉంటాయి. 5,500 మంది ఒక వైపు, 4,500 మంది మరొక వైపు ఉంటే, ఆ 5,500 మంది బలపరిచిన అయిదుగురూ గెలుస్తారు, 4,500 మందికి ఒక్క స్థానం కూడా దక్కదు. అదే పట్టణాన్ని 2,000 మంది చొప్పున అయిదు వార్డులు చేసినప్పుడు, ఆ 4,500 మంది ఎక్కువగా రెండు పేటల్లో దగ్గర దగ్గరగా ఉంటున్న పక్షంలో ఆ రెండు వార్డులూ వారివే అవుతాయి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ 4,500 మంది పట్టణమంతటా సమానంగా చెదిరి ఉంటే వార్డు పద్ధతి కూడా వారికి ఏమీ ఇవ్వదు, ఎందుకంటే ప్రతి వార్డులోనూ వారు తక్కువే అవుతారు. వార్డు ఓటు మేలు చేసేది ఒకచోట నివసించే వారికి. మన పట్టణాల్లో మత్స్యకారుల పేటలు, దళితవాడలు, చేనేత కార్మికుల వీధులు, కాలువ గట్ల మీది గుడిసెల వరుసలు అలా ఒకచోట ఉన్నవే కనుక ఈ పద్ధతి మన నేలకు సరిపోతుంది. దీనికి నష్టం లేకపోలేదు. వేసవిలో డెల్టా కాలువలు కట్టేసిన రోజుల్లో పట్టణం మొత్తం నిల్వ చెరువు నీటి మీదే బతుకుతుంది. ఆ చెరువు పూడిక గురించి ఏ ఒక్క వార్డు కౌన్సిలరూ తన సమస్యగా పట్టించుకోకపోవడం చాలాచోట్ల చూస్తాం. అయినా రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను వార్డునే ఎంచుకుంటాను. వీధి లైటు వెలగనప్పుడు ఎవరి గుమ్మం ముందు నిలబడి అడగాలో సామాన్యుడికి తెలియడం పెద్ద విషయం.

అమెరికాలో ఉన్న మన పిల్లలు అడిగే ప్రశ్న

డెల్టా నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబాల వారు కొందరు, తాము ఉంటున్న నగరంలో సిటీ కమిషనర్ల ఎన్నికను నగరమంతటి ఓటు నుంచి డిస్ట్రిక్ట్ ఓటుకు మారుస్తున్నారనీ, అది మంచిదో కాదో చెప్పమనీ ఫోన్లలో అడుగుతుంటారు. ముందుగా మాట తికమక తీరాలి. మన దగ్గర మున్సిపల్ కమిషనర్ అంటే ప్రభుత్వం నియమించిన అధికారి. అక్కడ కమిషన్ పద్ధతి ఉన్న నగరాల్లో కమిషనర్ అంటే ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి, ఆయన ఒక్కో శాఖను స్వయంగా నడుపుతాడు కూడా. అక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన జిల్లా కాదు, మన వార్డు వంటి నగర విభాగం.

ఆ కమిషన్ పద్ధతి పుట్టింది ఒక తుపాను తరువాత. 1900 సెప్టెంబరు 8న టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ నగరాన్ని ఉప్పెన ముంచేసింది, వేలాది మంది చనిపోయారు. నగరాన్ని మళ్లీ నిలబెట్టడానికి 1901లో కొద్దిమంది కమిషనర్ల చేతికి పాలన అప్పగించారు, ఆ ఏర్పాటు తరువాత ఇతర నగరాలకు పాకింది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవారికి, అలాంటి సమయంలో పని త్వరగా జరగాలన్న ఆత్రుత ఎలాంటిదో వివరించనక్కరలేదు. అయితే నగరమంతటి ఓటుతో ఎన్నికయ్యే ఆ చిన్న కమిషన్లలో తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాలకు చోటు దొరకలేదు. అలబామా రాష్ట్రంలోని మొబీల్ నగరం 1911 నుంచి ముగ్గురు కమిషనర్లను నగరమంతటి ఓటుతో ఎన్నుకునేది. జనాభాలో మూడో వంతు నల్లజాతి వారు ఉన్నా వారిలో ఒక్కరూ ఆ పదవికి ఎన్నిక కాలేదు. ఆ వివాదం సుప్రీం కోర్టుకు వెళ్లింది. వివక్ష చూపాలన్న ఉద్దేశం ఉన్నట్టు రుజువు కావాలని 1980లో కోర్టు అన్నది. 1982లో అక్కడి పార్లమెంటు ఓటు హక్కుల చట్టాన్ని సవరించి, ఉద్దేశం రుజువు కాకపోయినా ఫలితంలో వివక్ష ఉంటే చాలన్నది. 1985 నాటికి మొబీల్ ఏడు డిస్ట్రిక్టుల కౌన్సిల్‌కు మారింది.

అక్కడ ఉన్నవారు చేయవలసింది ఇది. మార్పు నగర కౌన్సిల్ తీర్మానంతో జరుగుతున్నదా, చార్టర్ (నగర పాలన నియమావళి) సవరణపై ఓటింగుతో జరుగుతున్నదా, కోర్టు ఒత్తిడితో జరుగుతున్నదా అన్నది మొదట తెలుసుకోవాలి, ఎందుకంటే ఎక్కడ మాట్లాడాలన్నది దాన్ని బట్టి ఉంటుంది. కాలిఫోర్నియాలో అయితే పటం గీయకముందు రెండు బహిరంగ విచారణలు, ముసాయిదా పటం వచ్చాక రెండు విచారణలు ఉంటాయి. చాలామంది పటం వచ్చాక వెళ్తారు. మన పేట హద్దులు ఇవి, మేము కలిసి ఉండాలి అని చెప్పవలసింది మొదటి రెండింటిలో. ఇంతకుమించి అక్కడి సంగతులు అక్కడి వారే చూసుకోగలరు. గీత దగ్గరకు వచ్చేసరికి అక్కడైనా, మన నరసాపురంలోనైనా చేయవలసిన పని ఒకటే.

ముసాయిదా రాకముందే చేయవలసినది

మన దగ్గర వార్డుల విభజనకు ఆధారం ఓటర్ల సంఖ్య కాదు, జనాభా. అదీ గణాంకాలు ప్రచురితమైన చివరి జనగణనలోని జనాభా. చాలామంది ఓటరు జాబితా పట్టుకుని మా వార్డులో ఇన్ని ఓట్లు, పక్క వార్డులో అన్ని ఓట్లు అని వాదిస్తారు. ఆ వాదన నిలవదు. 2011 జనగణనకు సంబంధించి ప్రతి పట్టణానికీ వార్డు వారీ ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్ జనగణన శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఇళ్ల సంఖ్య, జనాభా, ఎస్సీ, ఎస్టీ జనాభా విడివిడిగా ఉంటాయి. అయితే ఆ వార్డులు 2011 నాటివి. వాటిని చీల్చి కొత్త వార్డులు చేసినప్పుడు ఎన్యూమరేషన్ బ్లాకుల లెక్క అవసరమవుతుంది. ఎన్యూమరేషన్ బ్లాకు అంటే జనగణన సమయంలో ఒక ఎన్యూమరేటర్‌కు అప్పగించిన కొన్ని వీధుల భాగం. నేను తిరిగిన బ్లాకు ఒక గుడి నుంచి ఒక బియ్యం మిల్లు ప్రహరీ దాకా ఉండేది.

ఆ బ్లాకుల పట్టికను, వాటి సరిహద్దులను మున్సిపల్ కార్యాలయం నుంచి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. ఫీజు 10 రూపాయలు. సమాధానానికి చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు, ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చే వ్యవధి అంతకన్నా చాలా తక్కువ. అందుచేత పునర్విభజన మాట వినబడగానే, ముఖ్యంగా చుట్టుపక్కల పంచాయతీలను పట్టణంలో విలీనం చేస్తారన్న వార్త రాగానే దరఖాస్తు పెట్టుకోవాలి. విలీనం ఎంత దూరం పోగలదో డెల్టా వాసులకు తెలుసు. 2021 మార్చి 10న జరిగిన మున్సిపల్ ఎన్నికల్లో నరసాపురం, నిడదవోలు, కొవ్వూరు, అమలాపురం, మండపేట, రామచంద్రపురం ఓటు వేశాయి. విలీనాల చిక్కుల వల్ల రాజమహేంద్రవరం, భీమవరం, తాడేపల్లిగూడెం, పాలకొల్లు ఆ రోజు ఓటు వేయలేదు. విలీనమైన పల్లె వారికి నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది. అంతవరకూ ఊరంతా ఓటేసి సర్పంచిని ఎన్నుకున్న మీరు ఇక మీదట పట్టణంలో ఒకటో రెండో వార్డులు అవుతారు. మీ ఊరు ఒకే వార్డుగా నిలుస్తుందా, మూడు వార్డుల అంచులకు అతుకుపడుతుందా అన్నది ఆ ముసాయిదాలోనే తేలుతుంది.

ఇంకొక తికమక కూడా ముందే వదిలించుకోవాలి. 2019లో వచ్చిన వార్డు సచివాలయాలు సుమారు 4,000 మంది జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడ్డాయి. సచివాలయం పరిధి వేరు, ఎన్నికల వార్డు వేరు. పింఛను కాగితం మీది సచివాలయం నంబరు చూసి మాది ఫలానా వార్డు అని రాసిన అభ్యంతరాలు పనికిరాకుండా పోతాయి.

ముసాయిదా చేతికి వచ్చిన రోజు

ముసాయిదాను మున్సిపల్ కార్యాలయం నోటీసు బోర్డులో పెడతారు. దానిని అక్కడే నిలబడి చదివి రావద్దు. ప్రతి పేజీనీ, చివరి సంతకం పేజీతో సహా, ఫోనులో ఫొటో తీసుకోవాలి. అభ్యంతరాలకు చివరి తేదీ, ఎవరి పేరిట ఇవ్వాలి అన్నవి మొదట కాగితం మీద రాసుకోవాలి. ఆ తేదీ దాటితే ఎంత న్యాయమైన మాటైనా వినేవారు ఉండరు. రాజ్యాంగంలోని 243జెడ్‌జీ అధికరణం, వార్డుల విభజనకు సంబంధించిన చట్టాల చెల్లుబాటును కోర్టుల్లో ప్రశ్నించకుండా అడ్డుకట్ట వేసింది. అందుకని తరువాత కోర్టులో చూసుకుందాం అన్న ధీమా మంచిది కాదు. సామాన్యుడి మాటకు విలువ ఉన్న దశ ఈ ముసాయిదా దశే.

మొదటి పని లెక్క. పట్టణ జనాభా 54,000, వార్డులు 30 అనుకుంటే సగటు 1,800. అధికారిక పరిమితి నోటిఫికేషన్‌లో ఎలా ఉన్నా, సగటుకు అటూ ఇటూ 10 శాతాన్ని నేను కొలబద్దగా పెట్టుకుంటాను, అంటే 1,620 నుంచి 1,980 వరకు. ప్రతి వార్డు జనాభానూ ఈ రెండు సంఖ్యలతో పోల్చి, బయటికి పోయిన వాటి పక్కన గుర్తు పెట్టాలి. 2,400 మంది ఉన్న వార్డుకు పక్కనే 1,400 మంది ఉన్న వార్డు కనిపిస్తే, ఎక్కడో ఒక వీధిని అటు బదులు ఇటు వేశారన్నమాట. అన్ని వార్డుల జనాభానూ కూడి పట్టణ మొత్తంతో సరిపోయిందో లేదో కూడా చూడాలి. సరిపోకపోతే ఏదో బ్లాకు రెండుసార్లు లెక్కకు వచ్చింది, లేదా అసలు రాలేదు.

రెండో పని మరింత జాగ్రత్తగా చేయాలి. ఒక దళితవాడలో 1,200 మంది ఉన్నారనుకుందాం. వాడ మొత్తం 1,800 మంది ఉన్న ఒకే వార్డులో ఉంటే వార్డులో వారు మూడింట రెండు వంతులు. అదే వాడను 400 చొప్పున మూడు వార్డులకు పంచితే ప్రతిచోటా 22 శాతమే అవుతారు. దీని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. వారి ఓటు ఏ వార్డులోనూ గెలుపును నిర్ణయించలేదు. పైగా ఎస్సీలకు కేటాయించే వార్డులను ఆ జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్న వార్డు నుంచి వరుసగా కిందికి ఎంచుతారు కనుక ఆ మూడు వార్డులూ జాబితాలో కిందికి జారి రిజర్వేషన్‌కు కూడా దూరమవుతాయి. దీనికి తలకిందులుగా, విడివిడిగా రెండు వార్డుల్లో నిలబడగలిగిన రెండు పేటలను ఒకే వార్డులోకి కుక్కడం కూడా జరుగుతుంది. అప్పుడు ఒక వార్డులో వారికి అక్కరలేనంత బలం ఉండి, రెండో వార్డు చేజారుతుంది. విభజన పట్టికను చూస్తే ఈ రెండూ కనబడవు, ఎందుకంటే జనాభా సంఖ్యలు చక్కగా సమానంగానే ఉంటాయి. పేట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసిన మనిషి పటం మీద వేలు పెట్టి చూసినప్పుడే బయటపడతాయి.

కాలువ, డ్రైను, గట్టు

ఆ తరువాత నడవాలి. ముసాయిదాలో ప్రతి వార్డుకూ ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అంటూ నాలుగు దిక్కుల హద్దులు మాటల్లో రాస్తారు. ఆ మాటల ప్రకారమే వార్డు చుట్టూ ఒక ప్రదక్షిణ చేయాలి. ఒక్కరే వెళ్లకూడదు, ఆ పేటలో పుట్టి పెరిగిన వారినొకరిని వెంట తీసుకువెళ్లాలి. ఫోనులో దారి నమోదయ్యే యాప్ పెట్టుకుంటే ఇంటికి వచ్చాక పటంతో పోల్చుకోవచ్చు.

డెల్టా పట్టణంలో హద్దు తరచూ కాలువ వెంట పడుతుంది. కాలువను హద్దుగా పెట్టడం మంచిదే, అది చెరగదు, పేరు మారదు, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నాటి నుంచి చాలావరకు అక్కడే ఉంది. మున్సిపల్ డ్రైనును హద్దుగా పెట్టడం మాత్రం నేను ఒప్పుకోను. కాలువను చూసుకునేది నీటిపారుదల శాఖ, డ్రైనును చూసుకోవలసింది పట్టణం. డ్రైను రెండు వార్డుల మధ్య హద్దు అయితే, వర్షాకాలంలో పూడిక తీయమని అడిగిన ప్రతిసారీ ఇటు కౌన్సిలరు అది అటువైపుదంటాడు, అటు కౌన్సిలరు ఇటువైపుదంటాడు. పల్లపు నేలలో ఒకే వానకు మునిగే నాలుగు వీధులు ఒకే వార్డులో ఉండి, వాటి నీరు పోయే డ్రైను వార్డు లోపల ఉంటే, జవాబు చెప్పవలసిన మనిషి ఒక్కరే అవుతారు. అభ్యంతరంలో ఈ కారణాన్ని ధైర్యంగా రాయవచ్చు. జనాభా సమానత చెడకుండా హద్దును ఒక వీధి జరిపితే సరిపోయే సందర్భాలు ఎన్నో ఉంటాయి.

నేను రెండోసారి అభ్యంతరం రాసినప్పుడు దొరికిన లోపం ఇలాంటి నడకలోనే దొరికింది. 7వ వార్డు కాలువకు తూర్పున ఉంది, దాని పడమటి హద్దు ‘కాలువ తూర్పు గట్టు రోడ్డు’ అని రాశారు. 8వ వార్డు కాలువకు పడమట ఉంది, దాని తూర్పు హద్దు ‘కాలువ’ అని రాశారు. చదివినప్పుడు రెండూ సరిగ్గానే అనిపించాయి. గట్టు మీదికి వెళ్లి చూస్తే, రోడ్డుకూ కాలువ నీటికీ మధ్యనున్న సన్నటి పోరంబోకు నేలలో ఇళ్ల వరుస ఉంది. తాటాకు దడికి రంగు నిలవదు కనుక కొబ్బరిచెట్టు మొదట్లో సున్నం పూసి, ఆ సున్నం మీద ఎర్రరంగుతో డోరు నంబరు రాసుకున్నారు. ప్రతి నంబరుకూ చివర గీతలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని పెంచుకుంటూ పోయారు. గిన్నెలు తోముకుంటున్న ఒక పెద్దావిడ నా చేతిలో కాగితం చూసి, ‘మాస్టారూ, మా గుమ్మం ముందు రోడ్డు ఏడో వార్డంటున్నారు, మా పెరటెనకాల కాలవ ఎనిమిదో వార్డంటున్నారు, మరి మేమెందులో ఉన్నట్టండీ?’ అని అడిగింది. ముసాయిదాలోని మాటల ప్రకారం ఆమె ఏ వార్డులోనూ లేదు. ఆ వరుసలో 41 ఇళ్లు ఉన్నాయి. జనగణనలో వారిని లెక్కించారు, ఓటరు జాబితాలో వారి పేర్లు ఉన్నాయి, హద్దుల వర్ణనలో మాత్రం ఒక్క మాట తేడాతో జారిపోయారు.

గట్టు ఇళ్లు, రైలు పట్టాల వారగా ఉన్న ఇళ్లు, ఏటిగట్టు కిందివి, కొత్తగా వేసిన లేఅవుట్లు, ఈ నాలుగింటినీ ప్రతి పట్టణంలోనూ తప్పకుండా చూడాలి. లోపాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

అభ్యంతరం రాయడం, ఇవ్వడం

మొదటిసారి నేను రాసిన కాగితం రెండు పేజీల ఆవేదన. మా పేటకు అన్యాయం జరిగిందని, రాజకీయ కారణాలతో విడగొట్టారని, పెద్దలు దయతో పరిశీలించాలని రాశాను. దానిని కౌంటరులో ఉన్నవారి చేతిలో పెట్టి నమస్కారం చేసి వచ్చేశాను, రసీదు అడగలేదు. తుది నోటిఫికేషన్ వచ్చాక అందిన అభ్యంతరాల జాబితాలో నా కాగితం లేదు. ఇచ్చానని చూపడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ పేట ఇప్పటికీ రెండు ముక్కలుగానే ఉంది.

కాబట్టి అభ్యంతరంలో నాలుగు విషయాలే ఉండాలి. ముసాయిదా తేదీ, నోటిఫికేషన్ సంఖ్య. ఏ వార్డు, ఏ దిక్కు హద్దు, అందులో ఉన్న మాటలు ఉన్నట్టుగా. ఆ మాటల వల్ల జరిగే తప్పు, సంఖ్యలతో. వాటికి బదులు ఏ మాటలు రాయాలో, అలా రాస్తే రెండు వార్డుల జనాభా ఎంతవుతుందో. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యమైనది. అధికారికి తప్పు చూపితే సరిపోదు, దిద్దిన వాక్యాన్ని కూడా చేతికి అందించాలి. గట్టు ఇళ్ల విషయంలో నేను రాసిన వాక్యాలు ఇవి: ‘7వ వార్డు పడమటి హద్దును కాలువ తూర్పు గట్టు రోడ్డుగా, 8వ వార్డు తూర్పు హద్దును కాలువగా చూపినందున, గట్టు రోడ్డుకు, కాలువకు నడుమ ఉన్న 41 గృహాలు ఏ వార్డులోనూ చేరలేదు. 7వ వార్డు పడమటి హద్దును “కాలువ తూర్పు ఒడ్డున నీటి అంచు” అని సవరించవలసిందిగా కోరుతున్నాను. ఈ సవరణ వల్ల 8వ వార్డు జనాభాలో మార్పు లేదు. సంబంధిత గృహాల డోరు నంబర్ల జాబితా, చేతితో గీసిన పటం జతపరచడమైనది.’

పటం అందంగా ఉండనవసరం లేదు. తెల్లకాగితం మీద కాలువ, రోడ్డు, వంతెన, ఒక గుడి, ఇళ్ల వరుస గీసి, ఉత్తర దిక్కు బాణం పెడితే చాలు. ఎవరి పార్టీ పేరూ, ఎవరి కులం మీద నిందా అందులో రాకూడదు. ఒక పేటను చీల్చారని రాయవలసి వచ్చినప్పుడు జనగణన సంఖ్యలనే మాట్లాడనివ్వాలి. ఆ పేట వారు ఇరవైమందైనా సంతకాలు చేస్తే బలం. అయితే ఒకే కాగితాన్ని వందమంది వేరువేరుగా ఇచ్చేకంటే, వేరువేరు లోపాల మీద నాలుగు కాగితాలు ఇవ్వడం మేలని నా అనుభవం.

రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి వచ్చిన కాగితాలను నమోదు చేసే ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీ, ముద్ర, ఇన్‌వార్డు సంఖ్య వేయించుకోవాలి. వేయకపోతే అక్కడి నుంచి కదలకూడదు. అదే రోజు స్పీడ్ పోస్టులో కూడా మరొక ప్రతి పంపి రసీదును ఫొటో తీసుకోవాలి. విచారణకు పిలిస్తే గట్టు ఇళ్ల వారిలో ఒకరిని వెంట తీసుకువెళ్లండి. నేను ఆ పెద్దావిడను తీసుకువెళ్లాను. కాగితంలో ఉన్నదంతా నేను చెప్పిన తరువాత ఆమె తన ఇంటిపన్ను రసీదు తీసి బల్ల మీద పెట్టింది.

తుది నోటిఫికేషన్ వచ్చాక

తుది నోటిఫికేషన్‌ను ముసాయిదా ఫొటోలతో వార్డు వారీగా, దిక్కు దిక్కుగా పోల్చాలి. మీరు అడిగిన వార్డును మాత్రమే చూసి ఊరుకోకూడదు, ఒకచోట గీత జరిగితే పక్క వార్డుల గీతలూ కదులుతాయి. రిజర్వేషన్ల జాబితా ఆ తరువాత వస్తుంది. అప్పుడు ప్రతి వార్డులోని ఎస్సీ, ఎస్టీ నిష్పత్తిని పట్టికలో వరుసగా పేర్చుకుని, కేటాయింపు ఆ వరుసను అనుసరించిందో లేదో చూడాలి. ఓటరు జాబితాలను కొత్త వార్డుల ప్రకారం సర్ది ప్రకటించినప్పుడు మరొకసారి గట్టు మీదికి వెళ్లవలసి ఉంటుంది. హద్దు సరిగ్గా ఉన్నా ఇంటి ఓటు పాత వార్డు జాబితాలోనే మిగిలిపోవడం మామూలే. అది సరిచేయించుకోవడానికి ఇచ్చే వ్యవధి కూడా కొద్ది రోజులే.

మా పట్టణ తుది నోటిఫికేషన్‌లో 7వ వార్డు పడమటి హద్దు ‘కాలువ తూర్పు ఒడ్డు’ అని వచ్చింది. నేను రాసిన ‘నీటి అంచు’ అన్న మాట తీసేశారు. ఒడ్డు అంటే గట్టు పైభాగమా, నీరు తాకే చోటా అన్న సందేహం మిగిలింది కనుక, ముద్ర వేయించుకున్న నా ప్రతిని, చేతితో గీసిన పటాన్ని, 41 డోరు నంబర్ల జాబితాను ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఆ వరుసలోని ముగ్గురి ఇళ్లలో తలొక ప్రతీ ఉంచాను. వచ్చే జనగణన సంఖ్యలు ప్రచురితమైన తరువాత మళ్లీ పునర్విభజన జరిగినప్పుడు అవి ఆ వరుస వారికి అవసరమవుతాయి.